నిద్ర కోసం అత్తయ్యగారు కాచిన టీ

ఇప్పుడు నిద్ర పడుతోంది కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. పట్టని రోజుల్లో కూడా రాద్దామని కూర్చున్నాను. పెన్ను పట్టుకున్న చెయ్యి వణికేది, ఆ వణుకు చూసి ఇంకా భయం వేసేది, లేచిపోయేదాన్ని.

మాది పి.గన్నవరం. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా ఆయన కువైట్‌లో ఏసీ మెకానిక్. ఇంట్లో ఉండేది ముగ్గురం: నేను, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి స్నేహ, మా అత్తయ్యగారు సంతోషమ్మ. అత్తయ్యగారు అంగన్‌వాడీలో ఆయాగా చేసి రిటైరయ్యారు. మనిషి మితభాషి. ప్రేమ చూపించాలంటే ఏదో ఒకటి వండిపెట్టడం తప్ప ఆవిడకి ఇంకో దారి తెలియదు.

నాలాగే నిద్ర పట్టక, గుండె దడదడలాడుతూ, ఇదంతా మనసు బాగోకేనని సర్దుకుపోతున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కోసం రాస్తున్నాను. రాస్తే నా భయం కూడా కొంత దిగుతుందని ఆశ.

మా ఆయన సెలవు అయిపోయి వెళ్లింది జూన్‌లో, తొలకరి పడుతున్న రోజుల్లో. ఆ తర్వాతే మొదలైంది. పడుకుంటే నిద్ర రాదు. దిండుకి చెవి ఆనిస్తే పక్క గదిలో ఎవరో రోకలితో దంచుతున్నట్టు నా గుండె చప్పుడే నాకు వినబడేది. వెల్లకిలా తిరిగితే గొంతులో కొట్టుకునేది. ఫ్యాను కింద కూడా చెమటలు. తెల్లారేసరికి ఒళ్లంతా ఎవరో బాదినట్టు ఉండేది, కానీ మిషను ముందు కూర్చుంటే మాత్రం ఆగలేనంత హుషారు. ఆ హుషారు ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు.

మా దగ్గరి క్లినిక్‌కి వెళ్లాను. డాక్టరుగారు బీపీ చూసి, "భర్త దూరంగా ఉన్నవాళ్లకి ఈ దిగులు మామూలేనమ్మా. మనసు ప్రశాంతంగా పెట్టుకోండి," అన్నారు. నాకూ నిజమేననిపించింది. దిగులు లేదని ఎలా చెప్పగలను? ఉంది మరి. కానీ ఆయన వెళ్లడం అదే మొదలు కాదు. ఇంతకుముందు వెళ్లినప్పుడు కూడా బెంగపెట్టుకున్నాను, నాలుగు రోజులు ఏడ్చాను, నిద్రపోయాను. ఈ మాట డాక్టరుగారికి చెప్పాలని తోచలేదు.

నా మొహం చూసి అత్తయ్యగారు ఊరుకోలేకపోయారు. స్నేహ చేత ఫోన్‌లో ఏవో వీడియోలు పెట్టించుకుని చూశారు. ఒకరోజు సాయంత్రం ప్రార్థన అయ్యాక గాజు గ్లాసులో లేత ఆకుపచ్చగా ఏదో తెచ్చి నా చేతిలో పెట్టారు.

"కషాయాలవీ నేను తాగలేనండీ," అన్నాను.

"కషాయం కాదమ్మా. టీయే. పాలూ పంచదారా లేని టీ అనుకో."

స్నానాల గది వెనక ఉన్న నిమ్మగడ్డి దుబ్బు నుంచి నాలుగు ఆకులు కోసి, ముడివేసి, మరిగిన నీళ్లలో వేసి మూతపెట్టారట. పుదీనా రెండు రెబ్బలు. కొంచెం తేనె. వాసనకే మెడలో బిగుసుకున్న నరాలు వదులైనట్టు అనిపించింది. వరండాలో ఇద్దరం కూర్చుని తాగాం. ఆవిడ నేను తాగుతుంటే నా మొహమే చూస్తూ కూర్చున్నారు.

ఆ రాత్రి కాస్త నిద్రపట్టింది. ఇది అబద్ధం కాదు. తర్వాత జరిగినదానివల్ల ఆ టీ అంతా మోసమని చెప్పలేను. పొయ్యిమీద నీళ్లు మరుగుతున్న చప్పుడు, మూత తియ్యగానే మొహానికి తగిలే ఆవిరి, ఒక మనిషి నా కోసం పక్కన కూర్చోవడం, వీటన్నిటికీ ఒక బలం ఉంది. రోజంతా ఆ వేళ కోసమే ఎదురుచూసేదాన్ని. కొన్నాళ్లకి సీమ చామంతి అని ఎండబెట్టిన చిన్న చిన్న పూలు కూడా తెప్పించారు. నీళ్లు బంగారు రంగులోకి తిరిగేవి. స్నేహ కూడా ఒక గుక్క అడిగి తాగేది.

శ్రావణం వచ్చేసరికి ఆ కాస్త నిద్ర కూడా పోయింది.

పెళ్లిళ్ల జాకెట్లు ముందు పెట్టుకుని కూర్చుంటే సూదిలో దారం ఎక్కేది కాదు. తడి చేసి, నలిపి, మళ్లీ మళ్లీ ప్రయత్నించి, చివరికి స్నేహని పిలిచేదాన్ని. చెయ్యి చాపితే వేళ్ల చివర్లు సన్నగా వణుకుతున్నాయి. బాగా తింటున్నాను, అయినా చిక్కిపోతున్నాను. నా జాకెట్లు నేనే పక్కలు పట్టుకుని మళ్లీ కుట్టుకున్నాను. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు, "భలే సన్నబడ్డారండీ, ఏం చేస్తున్నారేంటి?" అని అడిగేవారు. నవ్వేదాన్ని. వాళ్లు వెళ్లాక టేపు నా చుట్టూ నేనే చుట్టుకుని చూసుకుని, అక్కడే చల్లబడిపోయేదాన్ని. మా చిన్నమ్మ ఒకావిడ ఇలాగే చిక్కిచిక్కి కాన్సర్‌తో పోయింది. ఆ పేరు మనసులో కూడా అనుకునేదాన్ని కాదు. అనుకుంటే వచ్చేస్తుందని భయం.

ఇంకో భయం ఎవరికీ చెప్పలేదు. నిద్రపోతే మళ్లీ లేవనేమో అని. నిద్ర కోసం టీ తాగుతూ, ఆ నిద్రకే భయపడుతూ పడుకునేదాన్ని. కళ్లు మూతపడుతుండగా గుండె ఒక్కసారి తన్నేది, ఉలిక్కిపడి లేచేదాన్ని.

ఇంట్లో నా నోరు పాడైపోయింది. గుండీల డబ్బా చెయ్యి తగిలి పడేసిందని స్నేహ మీద ఎంత అరిచానంటే, పక్కింటివాళ్లు గుమ్మంలోకి వచ్చి చూశారు. పిల్ల ఏడవలేదు. నేలమీద కూర్చుని గుండీలన్నీ ఏరి, రంగుల వారీగా సర్ది, "అమ్మా, నీకేమవుతోంది?" అని అడిగింది. మా ఆయన వీడియోకాల్‌లో, "ఫోన్ చూడ్డం తగ్గించు కరుణా, అదే నిద్ర చెడగొడుతుంది," అన్నారు. ఆయన వైపు నుంచి చూస్తే నాకేమీ లేదు. తెరమీద నేను సన్నగా, చురుగ్గా కనిపిస్తున్నాను.

అత్తయ్యగారు మాత్రం భయపడ్డారు. నిమ్మగడ్డి సరిపోవడం లేదని అమలాపురం వెళ్లి మూలికలమ్మే కొట్లో అశ్వగంధ పొడి తెచ్చారు. నిద్రకి, నీరసానికి, ఒళ్లు పుష్టికి అన్నిటికీ మంచిదని వీడియోలో చెప్పారట. కొట్టతను కూడా, "ఆయ్, ఏం భయం లేదండి, చెట్టు వేరే కదా, మందు కాదు కదా," అన్నాడట. మొదట రాత్రి ఒక్క చెంచా. తర్వాత పొద్దున్న కూడా. గుణం కనబడకపోతే ఇంకో అర చెంచా. మట్టి వాసనవేసే ఆ టీని ముక్కు మూసుకుని తాగేదాన్ని. నేను తాగిన గ్లాసు తీసుకెళుతూ ఆవిడ లోపల ప్రార్థన చేసుకుంటున్నారని పెదవులు చూస్తే తెలిసేది.

దసరా సెలవుల్లో ఒక ఆదివారం. చర్చిలో పాటకి అందరం లేచి నిలబడ్డాం. మొదటి చరణం సగంలో నా గుండె ఆగింది. ఆగిందనే అనిపించింది. వెంటనే గట్టుమీద పడేసిన చేపలా, ఒక లెక్కా పద్ధతీ లేకుండా ఎగిరెగిరి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ముందు బెంచీ పట్టుకున్నాను. పాట ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. ఇక్కడే, స్నేహ చూస్తుండగానే పోతున్నానని అర్థమైంది. పిల్ల కళ్లు మూయాలని చెయ్యి ఎత్తాను. ఆ చెయ్యి దానిదాకా వెళ్లలేదు.

పాస్టరుగారి భార్య తన కారులో అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్లారు. దారి పొడవునా వెనక సీట్లో అత్తయ్యగారు నా తల ఒళ్లో పెట్టుకుని, "నన్ను చూడమ్మా, కళ్లు మూయకు," అంటూనే ఉన్నారు. ఇన్నాళ్లూ నన్ను నిద్రపుచ్చడానికి తాపత్రయపడిన మనిషి ఆ మాట అంటుంటే, ఆవిడ కూడా నాలాగే అనుకుంటున్నారని తెలిసిపోయింది.

గుండెకి వైర్లు పెట్టారు. మెషీను చీటీ బయటికి వదులుతుంటే నర్సు దాన్ని చూసి గబగబా వెళ్లింది. ఆ గబగబే నన్ను చంపేసింది. తర్వాత ఒక లేడీ డాక్టరు వచ్చారు. చిన్న వయసు. నా చేతులు చాపమన్నారు, కళ్లు చూశారు, గొంతు మీద వేళ్లు పెట్టి మింగమన్నారు. "థైరాయిడ్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా అండీ?"

"లేదండి."

"ప్రస్తుతం మందులేమైనా వాడుతున్నారా?"

"లేదండి," అన్నాను. నా దృష్టిలో అది నిజమే.

మంచం కాళ్ల దగ్గర నిలబడ్డ అత్తయ్యగారు కొంగు బిగించి పట్టుకున్నారు. "టీ ఇస్తున్నానండీ నేను," అన్నారు.

"టీలో ఏం వేస్తున్నారండీ?"

ఆవిడ ఒక్కొక్కటే చెప్పారు. నిమ్మగడ్డి, పుదీనా, చామంతి పూలు. డాక్టరు తలూపుతున్నారు. "అశ్వగంధ పొడి. పొద్దున్న ఓ చెంచా, రాత్రి చెంచాన్నర," అనగానే డాక్టరు రాయడం ఆపి తలెత్తారు.

"ఎన్నాళ్ల నుంచి?"

"శ్రావణం నుంచండీ."

"ఇవాళ్టి నుంచి ఆపేయండి. అది కొందరికి థైరాయిడ్‌ని పెంచుతుంది. ఈవిడకి అసలే ఎక్కువున్నట్టుంది." డాక్టరు గొంతులో కోపం లేదు. "మీరు చెప్పడం మంచిదైందండీ. చాలామంది చెప్పరు."

చివరి మాట అత్తయ్యగారికి వినబడలేదని నాకు తెలుసు. ఆవిడ మొహంలో రక్తం చుక్క లేదు.

పరీక్షలో థైరాయిడ్ బాగా ఎక్కువగా ఉందని తేలింది. గుండె లయ మందులతో దారిలోకి వచ్చాక, థైరాయిడ్ డాక్టరు దగ్గరికి రాజమండ్రి పంపారు. అక్కడి వెయిటింగ్ హాలు నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. గోడకి గొంతు బొమ్మ, అందులో సీతాకోకచిలుకలా ఎర్రగా ఒక గ్రంథి. ఇంత చిన్న వస్తువు మనిషిని ఇలా చేస్తుందా అని దాన్నే చూస్తూ కూర్చున్నాను. నా చేతిలో నీళ్ల సీసా మూత సీసాకి తగిలి టకటకమంటోంది. పక్కనున్నావిడ ఆ చప్పుడు విని నావైపు తిరిగారు. ఉప్పలగుప్తం నుంచి వచ్చారట, వాళ్లకి రొయ్యల చెరువులు ఉన్నాయట.

"నాకూ అలాగే వణికేవండి," అన్నారు. "అన్నం కలుపుకుంటే మెతుకులన్నీ కిందే. మా ఆయన చూసి ఏడ్చేరు కూడాను." తన కుడి చెయ్యి చాపి నా మొహం ముందు పెట్టారు. వేళ్లు విడదీసి, కదలకుండా, నేను చూసినంత సేపూ అలాగే ఉంచారు. "చూడండి. బాగా చూడండి."

చూశాను. ఒక్క వేలు కదల్లేదు. డాక్టర్లు ఎవరు ఎంత చెప్పినా రాని ధైర్యం ఆ చేతిని చూస్తే కొంచెం వచ్చింది. ఆవిడ పేరు అడగలేదు. తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో.

మందులు వెంటనే పనిచేయవని ముందే చెప్పారు. గుండె దడకి ఇచ్చిన మాత్ర కొంత ఊరట ఇచ్చింది గానీ, మిగతాదానికి వారాలు పడుతుందన్నారు. ఆ వారాలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఏమిటో తెలిశాక భయం పోవాలి. నాకు పోలేదు. తెలియనప్పటి భయానికి తోడు తెలిసినప్పటి భయం వచ్చి చేరింది. "జ్వరం గానీ గొంతు నొప్పి గానీ వస్తే థైరాయిడ్ మాత్ర ఆపేసి వెంటనే రక్తపరీక్ష చేయించండి, ఆలస్యం చేయొద్దు," అని డాక్టరు హెచ్చరించారు. కార్తీకంలో మంచు పడగానే గొంతు గరగరలాడింది. ఒక పూటంతా కూర్చుని గుటకలు మింగి చూసుకున్నాను, ఇది నొప్పా, అనుమానమా అని. స్నేహే నా నుదుటి మీద చెయ్యివేసి, "అమ్మా, లే, వెళదాం," అంది. ల్యాబ్ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రిపోర్టు కోసం చూస్తుంటే, అది నా చెయ్యి విడిచిపెట్టలేదు. రిపోర్టు బాగానే వచ్చింది. మామూలు జలుబు. అప్పుడు ఏడ్చింది పిల్ల, గుండీలు ఏరినరోజు ఏడవనిదంతా.

ఇంట్లో ఇంకో బాధ. అమలాపురం నుంచి వచ్చిన మర్నాడే పొడి, పూలు అన్నీ అత్తయ్యగారు పారబోశారు. నేను పెరట్లోకి వెళ్లేసరికి నిమ్మగడ్డి దుబ్బు కూడా లేదు. వేళ్లతో సహా పెకలించి గోడవారన పడేశారు. ఆ ఎండకి వాడుతూ కూడా ఇంకా వాసన వేస్తోంది.

"దీన్నెందుకండీ పీకేశారు? డాక్టరుగారు దీన్నేం అనలేదుగా."

"నాకు తెలీదమ్మా ఏది మంచిదో ఏది కాదో. ఏదీ వద్దు," అని లోపలికి వెళ్లిపోయారు.

అప్పటి నుంచి వంటలో ఉప్పు వేయాలన్నా నన్ను అడిగేవారు. నాకు మాత్రలు చేతికిచ్చేవారు కాదు, స్నేహతో ఇప్పించేవారు. సాయంత్రాలు వరండాలోకి రావడం మానేశారు. దానికి తోడు మా ఆయన ఫోన్‌లో, స్పీకరు పెట్టి ఉందని తెలియక, "నీకెందుకమ్మా ఈ వైద్యాలు? దానికేమైనా అయ్యుంటే?" అనేశారు. ఫోన్ నేను తీసుకున్నాను.

"ఏవండీ, నాకు మందులేమీ లేవని నేనే డాక్టరుతో చెప్పాను. టీ సంగతి అత్తయ్యగారు చెప్పబట్టే తెలిసింది. తన మీదకి వస్తుందని తెలిసీ చెప్పారు. మీరూ నేనూ అయితే చెప్పేవాళ్లమా?"

"అమ్మకివ్వు," అన్నారు. ఆవిడ అప్పటికే వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోముతున్నారు.

క్రిస్మస్ నక్షత్రాలు ఇళ్లముందు కట్టే రోజులకి ఒక ఉదయం సూదిలో దారం ఒక్కసారికే ఎక్కింది. నమ్మలేక తీసి మళ్లీ ఎక్కించాను. రాత్రులు కూడా మెల్లగా దారికొచ్చాయి. మధ్యలో మెలకువ వచ్చినా గుండె తన మానాన తాను కొట్టుకుంటూ ఉండేది, నన్ను పట్టించుకోకుండా. ఎంత హాయో. అయినా అపనమ్మకంగా వేలు మణికట్టు మీద పెట్టుకునే పడుకునేదాన్ని. ఇప్పటికీ కొన్ని రాత్రులు పెట్టుకుంటాను.

జనవరి చివర మళ్లీ రాజమండ్రి వెళ్లాల్సివచ్చింది. నేనూ వస్తానని అత్తయ్యగారు చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని తయారయ్యారు. డాక్టరుగారు రిపోర్టు చూసి, బాగా తగ్గింది, మందు కొనసాగించమన్నారు. నేను లేవబోతుంటే అత్తయ్యగారు లేవలేదు.

"ఒక్క మాటండి డాక్టరుగారూ. ఈ జబ్బు నా వల్ల వచ్చిందాండీ?"

ఆయన కాగితాలు పక్కన పెట్టారు. "రాలేదండీ. మీరు ఆ పొడి మొదలుపెట్టకముందే నిద్ర పట్టడం లేదు కదా, గుండె దడ ఉంది కదా. అప్పటికే జబ్బు ఉంది."

"మరి పొడి వల్ల ఎక్కువైందాండీ?"

"అయ్యుండొచ్చు. ఎంతవరకో నేను కచ్చితంగా చెప్పలేను. అవలేదని మాత్రం అబద్ధం చెప్పను."

ఆవిడ తలూపారు. బుజ్జగించి ఉంటే ఆవిడ నమ్మేవారు కాదనుకుంటాను. నేను కల్పించుకుని, "నిమ్మగడ్డి టీ తాగొచ్చాండీ?" అని అడిగాను.

"సుబ్బరంగా తాగండి. చామంతీ తాగండి. దేనివల్ల నిద్ర పట్టడం లేదో తెలుసుకోకుండా, వైద్యానికి బదులుగా తాగకండి, అంతే. పొడులూ వేర్లూ ఏవైనా సరే, నాకు చెప్పాకే వెయ్యండి."

ఇది చదివేవాళ్లకి నేను చెప్పదలచుకున్నదీ ఇంతే. నిద్ర పట్టకపోవడం, దడ, వణుకు, కారణం లేకుండా చిక్కిపోవడం కలిసి వస్తే ముందు ఒక రక్తపరీక్ష చేయించుకోండి. మనసు బాగోలేదని ఎవరన్నా, మనసు నిజంగానే బాగోకపోయినా సరే, చేయించుకోండి. మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే, టీలో వేసుకునేది కూడా చెప్పండి.

తిరిగి వచ్చేటప్పుడు మా ఊరి మీదుగా వెళ్లే రాజోలు బస్సు దొరికింది. కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టి అత్తయ్యగారు పక్కన కూర్చున్నారు. కొత్తపేట దగ్గర, "డాక్టరు మంచోడు. ఉన్నదున్నట్టు చెప్పేడు," అన్నారు. నేను ఏదో అనబోయాను. అన్నానో లేదో గుర్తులేదు.

కళ్లు తెరిచేసరికి నా తల ఆవిడ భుజం మీద ఉంది. పట్టపగలు, బస్సు కుదుపుల్లో, మణికట్టు మీద వేలు పెట్టుకోకుండా నిద్రపోయాను. బయట చూస్తే మా ఊరు దాటాక వచ్చే అక్విడెక్టు వంతెన వెనక్కి వెళ్లిపోయింది. కింద వైనతేయ పాయ కూడా అయిపోయి అవతలి ఒడ్డు కొబ్బరితోటలు వస్తున్నాయి.

"మన స్టాపు దాటిపోయిందండీ," అన్నాను కంగారుగా.

"ఆయ్. దాటిపోయింది."

"లేపొచ్చు కదండీ."

ఆవిడ ఒంటి చేత్తో నా తలని మళ్లీ తన భుజానికి ఆనించుకున్నారు. ఆ ఆస్పత్రి రోజు తర్వాత ఆవిడ నన్ను ముట్టుకోవడం అదే మొదలు.

"కండక్టరు వస్తే టికెట్టు రాజోలు దాకా మార్పించేను," అన్నారు. "ఇంకా దూరం ఉందమ్మా. పడుకో."